సంతకం ఒకరిది, నేల ఇంకొకరిది

ప్రశ్న: మా అబ్బాయి మిజోరంలో రోడ్డు పనుల్లో సైట్ ఇంజనీరు. మయన్మార్ మీదుగా వచ్చే కలాదాన్ ప్రాజెక్టు ఇంకా ఎందుకు పూర్తి కాలేదంటే "అది మా చేతిలో లేదమ్మా" అంటాడు. సరిహద్దు గొడవలు వింటే నాకు టెన్షన్. రెండు దేశాలూ ఒప్పుకున్నాక అడ్డేమిటి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, నా ఉద్యోగం సగం గోదావరి, ప్రాణహిత ఒడ్డున సర్వే పనుల్లోనే గడిచింది. ఒకసారి సిరోంచ వైపు ఒక పత్తి చేనులో ముంపు హద్దు రాయి పాతిస్తున్నాను. అది మహారాష్ట్రే అయినా అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. చేను ఆసామి వచ్చి రాయి మీద చెయ్యేసి, "నీళ్లు మీ దిక్కు, మునుగుడు మా దిక్కా సారూ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ప్రాణహిత మీద కట్టాలనుకున్న తుమ్మిడిహెట్టి బ్యారేజీ తగవంతా ఆ మాటలోనే ఉంది. మనం నీటిమట్టం 152 మీటర్లు అడిగాం, మహారాష్ట్ర 148 దాటనివ్వలేదు. 2016 ఆగస్టులో ముంబైలో ఒప్పందం 148కే కుదిరింది. నాలుగు మీటర్లేగా అనిపిస్తుంది. పల్లపు ఒడ్డున అది ఎన్ని చేలో, చైను పట్టుకుని నడిచినవాడికి తెలుస్తుంది. అయినా అక్కడ పెద్దమనిషిగా ఢిల్లీ ఉంది, 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పు ఉంది.

కలాదాన్‌కు అలాంటి పెద్దదిక్కు లేదు. ఒప్పందం 2008 నాటిది. సరుకు కోల్‌కతా నుంచి ఓడలో మయన్మార్‌లోని సిత్వేకు, అక్కడి నుంచి కలాదాన్ నదిలో పలేత్వాకు, ఆపైన సుమారు 110 కిలోమీటర్ల రోడ్డు మీద మిజోరం సరిహద్దులోని జోరిన్‌పుయ్‌కి రావాలి. సిత్వే రేవు 2023 మేలో మొదలైంది. చిక్కంతా ఆ రోడ్డుతోనే. కొండలు, అడవి, విడవని వానలు. ప్రాజెక్టు అంచనా సుమారు 536 కోట్ల రూపాయల నుంచి 2015కే 2,904 కోట్లకు పెరిగింది.

డబ్బు ఎలాగో తేవచ్చు. కానీ 2024 జనవరిలో పలేత్వా, అక్కడి ప్రభుత్వంతో పోరాడుతున్న సాయుధ దళం అరకాన్ ఆర్మీ చేతికి పోయింది. మనతో సంతకం చేసింది మయన్మార్ ప్రభుత్వం, రోడ్డు పోవాల్సిన నేల మీద ఇప్పుడు దాని మాట చెల్లదు. సిమెంటు లారీ కదలాలన్నా ఎవరిని అడగాలి? మీవాడు చెప్పింది నిజమే.

ఆ కొండల్లోని చిన్ ప్రజలతో మొదటే కూర్చుని, ఈ రోడ్డు వల్ల మీకేం దక్కుతుందో, ఏం పోతుందో మాట్లాడి ఉండాల్సింది అన్నది నా గట్టి నమ్మకం. ఈసారి ఫోన్ చేసినప్పుడు, తన క్యాంపు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డు గురించి ఏమంటున్నారో అడగండి. అతను చెప్పింది నాకూ రాయండి.