కొత్తగా పోస్టింగ్‌లో చేరే పశువైద్యులకు మొదటి ఏడాది ఏది కష్టంగా ఉంటుంది?

"బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) ఇంటర్న్‌షిప్ అయిపోవచ్చింది. వచ్చే నెల పల్లెలో చేరాలి. ఒక్కదాన్నే కేసులు చూడగలనా అని టెన్షన్‌గా ఉంది. మొదటి ఏడాది ఏం ఎదురవుతుంది? ముందు పీజీ చేస్తే నయమా?" అని అడిగారు. నేను తిరుపతిలో చదివి, ప్రకాశం జిల్లాలో ఒక మండలంలో చేరాను. నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఐదున్నరేళ్ల చదువులో మనం ఏ కేసు ముట్టుకున్నా వెనక ఎవరో ఒకరు ఉంటారు. కాలేజీకి గర్భసంచి మెలిక పడ్డ గేదె వస్తే కాళ్లు కట్టి దొర్లించడానికి పది మంది, పొట్ట మీద పెట్టిన పలక మీద నిలబడడానికి ఒకరు, లోపల చెయ్యి పెట్టి మెలిక ఎటు పడిందో చెప్పడానికి సార్. పల్లెలో మనమూ, అటెండరూ, ఇంటాయనా, ఒక ఫోన్ లైటూ. సబ్జెక్టు రాదేమోనని నేను భయపడలేదు. నేను తప్పు చెప్తే సరిదిద్దేవాళ్లు పక్కన లేరన్నదే భయం.

చేరిన రెండో నెలలో ఒక సాయంత్రం కబురొచ్చింది. ముందురోజే ఈనిన గేదె, మూడో ఈత. నేను వెళ్లేసరికి కొట్టంలో పడుకుని మెడ డొక్క వైపు తిప్పుకుని ఉంది. చెవులు చల్లబడ్డాయి, ముట్టె ఎండిపోయింది. చూడగానే పాల జ్వరం, అంటే ఈనిన పశువుకు రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు, అనిపించింది. ఆ నిర్ధారణ సరైనదే. నాలుగు వందల యాభై మిల్లీలీటర్ల కాల్షియం సీసా మెడ నరానికి పెట్టాను. చీకటి పడుతోంది, చుట్టూ జనం. "తొందరగా ఎక్కించమ్మా, లేచి నిలబడుతుంది" అని అందరూ అంటున్నారు. నేను సీసా ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. స్టెతస్కోప్ సంచిలోనే ఉంది. సగం దాటాక గేదె ఒక్కసారి వణికి, కాళ్లు చాపి, ఊపిరి వదిలేసింది.

కాల్షియం వేగంగా ఎక్కితే గుండె లయ తప్పి ఆగిపోతుంది. సీసాను గోరువెచ్చగా చేసి, పది ఇరవై నిమిషాలు పట్టేలా ఎక్కిస్తూ, చెవికి స్టెతస్కోప్ పెట్టుకునే ఉండాలి. కొట్టుకోవడంలో తేడా వినిపించగానే ఆపాలి. ఇది పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఆ కొట్టంలో మాత్రం జనం తొందరే నా తొందర అయింది.

రాత్రి మా సీనియర్ ఒకాయనకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "రేపు పొద్దున్నే మళ్లీ ఆ ఇంటికి వెళ్లు, జరిగింది చెప్పు" అన్నారు. వెళ్లాను. మందు ఇంకా నెమ్మదిగా ఎక్కించాల్సిందని, తొందరపడింది నేనేనని చెప్పాను. ఆ గేదెకు బీమా కూడా లేదు. ఇంటాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెయ్యకు పాలు ఎట్లా పట్టాలమ్మా?" అని అడిగాడు. దాని బరువులో పదో వంతు పాలు రోజుకు మూడు పూటలుగా పట్టమని చెప్పి, వారం పది రోజులు నేనే వెళ్లి చూసుకున్నాను. పెయ్య బతికింది. వాళ్లకు పోయిన పాడి అలాగే పోయింది. అందుకే మీకు గట్టిగా చెప్తున్నాను: రాత్రి ఎన్నింటికైనా ఫోన్ ఎత్తే సీనియర్లను ఇద్దరిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తప్పు జరిగాక ఒక్కరే మోస్తే మరుసటి కేసుకు చెయ్యి ఆడదు.

మీరు అమ్మాయి కాబట్టి ఇదీ చెప్పాలి. మొదటి నెలల్లో నన్ను చూసి "డాక్టర్ గారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడగని రైతు లేడు. వాదించవద్దు. చూడి పరీక్షలు రోజూ చేస్తూ ఉండండి. రెండున్నర నెలల చూడి అని మీరు చెప్పిన గేదె చెప్పిన లెక్కకే ఈనితే, ఆ కబురు ఊరంతా తిరుగుతుంది. నాకు చేతి స్పర్శ నేర్పింది మా మండలంలోని గోపాలమిత్ర, అంటే ఊళ్లు తిరిగి పశువులకు సూదితో చూడి కట్టించే కార్యకర్త. వేల పశువులకు కృత్రిమ గర్భధారణ చేసిన చెయ్యి అది. డిగ్రీ లేదని ఆయన్ని చిన్నచూపు చూసి ఉంటే నేనే నష్టపోయేదాన్ని. అలాగే, మన దగ్గరికి వచ్చేసరికి ఊళ్లో సూదులేసే అతను అప్పటికే రెండు మూడు సూదులు వేసి ఉంటాడు. అతన్ని తిడితే రైతు ఏం వేశారో చెప్పడు. సీసాలు ఇంట్లోనే ఉంటాయి, తెమ్మని మెల్లగా అడగండి.

డబ్బు సంగతి కాలేజీలో ఎవరూ నేర్పరు. ఆసుపత్రిలో మందు అయిపోతే బయటికి చీటీ రాయాలి. ముందే "ఎంతవరకు పెట్టగలరు?" అని అడగడానికి నాకు ఏడాది పట్టింది. అడగకుండా రాస్తే సగం మందే కొని, మిగతాది కొన్నామని చెప్తారు. బీమా కాగితాల దగ్గర ఇంకో రకం ఒత్తిడి. చనిపోయిన గేదె చెవికి ట్యాగ్ లేకపోయినా ఉన్నట్టు రాయమని తెలిసినవాళ్లే అడుగుతారు. రాయవద్దు. ఒక్కసారి రాస్తే మళ్లీ ఎవరికీ కాదని చెప్పలేరు.

మీ ఒంటి సంగతి. చొంగ కారుస్తున్న ఆవు నోట్లో గొంతుకేదో అడ్డుపడిందని నేను ఒట్టి చెయ్యి పెట్టాను. రెండు రోజుల తర్వాత అది రేబిస్ అని తేలింది. టీకాల కోర్సు పూర్తయ్యేవరకు నాకు నిద్ర లేదు. చేరకముందే రేబిస్ ముందస్తు డోసులు వేయించుకోండి. మాయ తీసేటప్పుడు, ఈసుకుపోయిన (చూడి పోయిన) కేసు చూసేటప్పుడు భుజం దాకా గ్లౌజు తప్పనిసరి. పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా క్రిమి మనుషులకూ అంటుకుంటుంది. పెయ్యలకు వేసే దాని టీకా కూడా బతికున్న క్రిమితో చేసిందే. సూది మీకు గుచ్చుకుంటే కడుక్కుని ఊరుకోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.

పీజీ గురించి: కుదిరితే ఒకటి రెండేళ్లు పని చేసి వెళ్లండి. నేను మూడేళ్ల తర్వాత వెటర్నరీ మెడిసిన్ పీజీలో చేరాను. పాల జ్వరం పాఠం రోజు క్లాసులో అందరూ డోసు రాసుకున్నారు. నేను మాత్రం ఎక్కించడానికి ఎన్ని నిమిషాలు పట్టాలో రాసుకుని, దాని కింద రెండు గీతలు గీశాను.