పిల్లల ఇంగ్లీషు గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మాయీ,

ఈ వేసవిలో పిల్లలిద్దర్నీ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేర్చమంటావా అని అడిగావు. నన్నడిగితే వద్దు. ఏడాదంతా బడి, వ్యాను, ట్యూషన్ అంటూ బెంగళూరు ట్రాఫిక్‌లో నలిగిన పిల్లలు. హైస్కూల్లో అన్నేళ్లు ఇంగ్లీషు చెప్పిన దాన్ని, ఆ మాత్రం చెప్పగలను.

అలాగని "ఇవాళ్టి నుంచి ఇంట్లో అందరం ఇంగ్లీషే మాట్లాడాలి" అని రూలు పెట్టకు. రెండో రోజుకే నోళ్లు మూతపడతాయి, అమ్మమ్మ ఫోన్ చేస్తే తెలుగుకీ తడుముకుంటారు. రోజుకో అరగంట చాలు, అదీ ఏదో ఒక పని చేస్తూ. ఉదాహరణకి ఉప్మా. ఎలా చెయ్యాలో పెద్దాడు ఇంగ్లీషులో చెప్పాలి, వాడు చెప్పింది చెప్పినట్టు నువ్వు చెయ్యాలి. స్టవ్ వెలిగించమనకపోతే వెలిగించకు. ముందే రవ్వ వెయ్యమంటే వెయ్యి, రవ్వ పోతే పోయింది. పోపు వేయించడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక తిప్పలు పడతాడు, పడనీ. ఒక్క మాట తెలుగులో అన్నా పర్వాలేదు, వాక్యం పూర్తిచేస్తే చాలు. మర్నాడు చిన్నదాని వంతు. నూడుల్స్ ప్యాకెట్ వెనక రాసింది అది పైకి చదవాలి, అన్నయ్య వండాలి.

తప్పుల గురించి టెన్షన్ పడకు. చిన్నది "ఐ గోడ్ టు షాప్" అందనుకో, నవ్వొద్దు, మధ్యలో ఆపొద్దు. జరిగిపోయిన పనికి చివర 'డ్' చేరుతుందన్న సూత్రం దానంతట అదే పట్టుకుందన్నమాట. "ఓ, యు వెంట్ టు ద షాప్? వాట్ డిడ్ యు బయ్?" అని నీ జవాబులోనే సరైన మాట వినిపించు. అదే పదిసార్లు చెవిన పడితే సర్దుకుంటుంది. "డిడ్ యు వెంట్" అనడం మాత్రం పెద్దవాళ్లక్కూడా వదలదు. పెద్దాడు అలా అంటుంటే తీరిక చూసుకుని విడిగా ఒకసారి చెప్పు.

నీ ఇంగ్లీషు అంతంతమాత్రమని బెంగపడ్డావు. అదీ మంచిదే. తెలియనిచోట డిక్షనరీ తీసి ముగ్గురూ కలిసి వెతకండి.

చదవడానికి స్టోరీవీవర్ అని పిల్లల కథల వెబ్‌సైట్ ఉంది, చూడు. మన బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు, ఉచితం. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ముందు తెలుగులో చదివిస్తే కథ తెలిసిపోతుంది, తర్వాత ఇంగ్లీషులో చదివేటప్పుడు మాటల మీదే ధ్యాస ఉంటుంది. నాలుగు స్థాయిలున్నాయి, చిన్నదాన్ని మొదటి దాంతోనే మొదలుపెట్టించు, గొప్పకి పోయి పైదానికి ఎక్కించకు.

ఒక ఆదివారం కబ్బన్ పార్కులో పిల్లల లైబ్రరీ, ఇంకో ఆదివారం చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులు. ఏ పుస్తకం కావాలో వాళ్లనే తీసుకోనీ. పెద్దాడు క్రికెట్ పుస్తకం పట్టుకుంటే చేతిలోంచి లాక్కుని నీతికథలు పెట్టకు.

ఇంకొకటి. చుట్టాలొస్తే "అంకుల్‌కి ఇంగ్లీషులో ఏదన్నా చెప్పు" అని పిల్లల్ని నిలబెట్టొద్దు. మీ ఆయనకి గట్టిగా చెప్పు, ఆ సరదా ఆయనకే ఎక్కువ.

మీ పెద్దమ్మ