సైకిల్ చైన్‌ని కిరసనాయిలుతో కడగొచ్చా?

కడగొచ్చు, కాని బాగా ఆరాక మళ్లీ నూనె వేయకపోతే కడగకుండా వదిలేయడమే నయం. చైన్ మీద నల్లగా పేరుకున్నది వట్టి మట్టి కాదు. పాత నూనె, దుమ్ము, అరిగిన ఇనుప రజను కలిసిన మడ్డి. ఆ జిడ్డు నీళ్లలో కరగదు, కిరసనాయిలులో కరుగుతుంది. చిక్కేమిటంటే, లోపల, లింకుల్ని కలిపే పిన్నుల దగ్గరున్న మంచి నూనె కూడా దాంతోపాటే పోతుంది. చైన్ అసలు అరిగేది అక్కడే.

వానల్లో బురద రోడ్ల మీద తిరిగిన సైకిలే తీసుకోండి. చైన్ విప్పి, పొయ్యికి దూరంగా, పాత గిన్నెలో కిరసనాయిలు పోసి నానబెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దాలి. గుడ్డతో తుడిచి కొన్ని గంటలు ఆరనిచ్చి, ఎక్కించాక ఒక్కో పిన్ను దగ్గర ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పుతూ పైకి కారింది తుడిచేయాలి. పైన మిగిలిన తడి దుమ్ముని పట్టేస్తుంది. ఫ్రీవీల్‌ని (వెనక చక్రం మీద చైన్ తిరిగే పళ్లచక్రాన్ని) మాత్రం కిరసనాయిలులో ముంచొద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

చాలామంది మురికి చైన్ మీదే ఇంకాస్త నూనె పోస్తే సరిపోతుందనుకుంటారు. అప్పుడు కిర్రుమనడం ఆగుతుంది గాని, ఇసుక లోపలికి దిగి గరుకు కాగితంలా అరగదీస్తుంది. కొబ్బరినూనె అయితే చలికాలంలో గడ్డకడుతుంది కూడా. ఇక ఒక పిన్ను నుంచి దాని తర్వాత వచ్చే 24వ పిన్ను దాకా సరిగ్గా 12 అంగుళాలు ఉండాల్సిన దూరం 12⅛ అంగుళాల దాకా సాగితే, ఎంత కడిగినా లాభం లేదు, చైన్ మార్చాల్సిందే.