మీరు చివరిదాకా ఆడిన గేముల్లో ఏది నిజంగా బాగుంది? ఏది ఊరికే పేరు తెచ్చుకుంది?

"కొత్తగా ల్యాప్‌టాప్ కొన్నాను, గ్రాఫిక్స్ కార్డు లేదు, అందరూ పొగిడేవి కాకుండా మీ మనసులో మాట చెప్పండి" అని ఈ ప్రశ్నలో మీరు అడిగారు కాబట్టి రాస్తున్నా. చివర్లో పేర్లు పడేదాకా ఆడినవాటి గురించే చెప్తాను. ఎల్డెన్ రింగ్ సగంలో వదిలేశా, దాని జోలికి పోను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నా ఆటంతా మొదలైంది నెట్ సెంటర్లో, గంటకి పదిహేను రూపాయలు. అక్కడ మొదట పూర్తి చేసింది ప్రాజెక్ట్ ఐజీఐ. 2000లో వచ్చిన తుపాకీల గేము, గోదావరి దాటి మా దాకా రావడానికి నాలుగేళ్ళు పట్టింది. 14 మిషన్లు, ఒక మిషన్ మొదలెడితే మధ్యలో ఎక్కడా సేవ్ చేసుకునే వీల్లేదు. అరగంట కంచె వెంబడి పాక్కుంటూ పోయి, కెమెరాలు ఆపేసి, ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా కరెంటు పోయేది. యూపీఎస్ కుయ్ కుయ్ మని అరుస్తుంటే, అది చచ్చేలోపు ముగించేద్దామని పరిగెత్తేవాణ్ణి. ఎవడో ఒకడు అలారం కొట్టేవాడు. ఇంక బ్యారక్‌లోంచి సైనికులు పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉండేవారు. ఈమధ్య మళ్ళీ ఆడి చూశా. నిజం చెప్పాలంటే మామూలు గేమండీ. సేవ్ లేదన్న భయమే దాన్ని అంతకాలం నిలబెట్టింది.

జీటీఏ వైస్ సిటీ పూర్తి చేశామని చెప్పుకునేవాళ్ళలో సగం మంది చేసుండరు. ప్యాంజర్ అని చీట్ కోడ్ కొట్టి ట్యాంకు తెప్పించుకుని ఊరంతా తొక్కించడాన్ని పూర్తి చేయడం అనరు. బొమ్మ హెలికాప్టర్‌తో, కడుతున్న బిల్డింగులో నాలుగు బాంబులు పెట్టాలి చూడండి, ఆ మిషన్ దాటారా లేదా అన్నదే పరీక్ష. కంప్యూటర్లో దాన్ని నంబర్ ప్యాడ్‌తో నడపాలి. మా సెంటర్లో మూడో సిస్టమ్ కీబోర్డు మీద 8 నొక్కితే లోపలికి దిగబడిపోయి పైకి వచ్చేది కాదు. నేను ఆడుతుంటే మావాడొకడు పక్కన కూర్చుని గోటితో ఆ మీట లేపుతూ ఉండేవాడు. అలా పదకొండు రోజులు. తీరా గెలిచాక మర్నాడు వెళ్తే మా సేవ్ మీద ఇంకెవరో వాళ్ళ సేవ్ పెట్టేశారు. మళ్ళీ మొదటికి. అయినా విసుగు రాలేదంటే గేము ఎంత బిగువుగా ఉందో చూడండి. 1986 నాటి ఆ ఊరి సందులు నాకు కాకినాడ సందులకన్నా బాగా తెలుసు. అదే వరసలో తర్వాత వచ్చిన శాన్ ఆండ్రియాస్ ఇంతకన్నా చాలా పెద్దది. అందులో రైలు మిషన్‌లో బిగ్ స్మోక్ అనే పాత్రని నేనూ అందరిలాగే తిట్టుకున్నా. నా ఓటు మాత్రం వైస్ సిటీకే.

ఇప్పుడు తిట్లు తినే మాట. కౌబాయ్‌ల గేము రెడ్ డెడ్ రిడంప్షన్ 2 లో సగం నాకు చిరాకు. సుమారు 150 జీబీ, మా ఊరి కేబుల్ నెట్‌లో దిగడానికి నాలుగు రాత్రులు పట్టింది. దిగాక మొదటి రెండు మూడు గంటలూ మంచులో గుర్రం మీద నడకే. సొరుగు లాగితే నిదానం, జింక తోలు తీస్తే నిదానం, చివరికి డబ్బా పాలు తీసుకున్నా నిదానమే. అందులో కళ ఉందంటారు. ఒకసారికి ఉంది, ఇరవయ్యోసారికి లేదు.

అయితే చివరి అధ్యాయం వేరే సంగతి. (కథ తెలిసిపోతుంది, వద్దనుకుంటే ఈ ముక్క దాటేయండి.) అప్పు వసూలుకెళ్ళి ఓ జబ్బు మనిషిని కొడతాడు మన హీరో ఆర్థర్. అతను మొహం మీదే దగ్గుతాడు. నేనే మౌస్ నొక్కి కొట్టించా, పెద్దగా పట్టించుకోలేదు కూడా. చాలా గంటల తర్వాత ఆర్థర్ రోడ్డు మీద పడిపోయి, డాక్టరు క్షయ అన్నప్పుడు గానీ ఆ దగ్గు గుర్తు రాలేదు. మా తాతయ్యకీ ఆ జబ్బే వచ్చి, ఆర్నెల్లు మందులు మింగి బయటపడ్డాడు. కథ నడిచేది 1899లో, మందు లేదు. ఆ రాత్రి ఇంక ఆడలేకపోయా.

అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా నాకు 80 గంటలు పట్టింది, నా తప్పే. ఒక్కో ప్రాంతానికి పోవడం, అక్కడి పెద్దమనిషి గొడవ తీర్చడం, పొత్తు కుదుర్చుకుని ఇంటికి రావడం. జిల్లా అంతా తిరిగి ఎన్నికల ప్రచారం చేసినట్టుంది. విచర్ 3 లో బ్లడీ బ్యారన్ కథ అద్భుతం. కాకపోతే తప్పిపోయిన పిల్లని వెతకమంటే, నేను పూటకూళ్ళ ఇళ్ళలో కూర్చుని గ్వెంట్ ముక్కలేస్తూ గడిపా. గోదావరి జిల్లావాణ్ణి, పేక ముక్క కనిపిస్తే ఆగుతానా?

చిన్న గేములకి దండం పెట్టాలంటే అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీకి పెడతా. పశ్చిమ కనుమల్లో హొయసల శిథిలాలు, వినాయకుడి దంతం కోసం వేట. పరశురాముడు దంతం విరగ్గొట్టిన కథ కూడా చెప్తారు. చిన్నప్పటి నుంచి అయినవిల్లి గుళ్ళో విన్న కథ ఇంగ్లీషులో వింటుంటే భలే తమాషాగా అనిపించింది. నాకు ఎనిమిది గంటల్లో అయిపోయింది. మీ ల్యాప్‌టాప్ దాన్ని లాగలేదులెండి.

మీకు సరిపోయేది, నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పేదీ స్టార్‌డ్యూ వ్యాలీ. 2016లో వచ్చింది, ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే తయారు చేశాడు. తాత ఇచ్చిన పొలం దున్నుకోవడమే ఆట. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి అరుగు మీద ఆడుతుంటే మా నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాది మూడెకరాల వరి, ఓ చేపల చెరువు.

"ఒక్కో మొక్కకీ డబ్బాతో నీళ్ళు పోస్తాడేంట్రా? కాలవ లేదా ఆ ఊరికి?"

లేదన్నాను.

"కాటన్ దొర అటు వెళ్ళలేదన్నమాట."

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ కాలవ కింద బతికిన వంశం, ఇంకెలా మాట్లాడతాడు. ముల్లంగి లాంటి దుంప ఒకటి ఉంటుంది, విత్తనం 20, నాలుగు రోజుల్లో చేతికొస్తే 35. పంట డబ్బాలో పడేస్తే తెల్లారేసరికి సొమ్ము. అది చూసి ఆయనకి ఒళ్ళు మండింది. "తేమ ఎంతుందని అడగరా? బస్తాకింత తరుగు తియ్యరా? ఏడాది పొడుగునా అదే రేటా?" అవునంటే, ఇది వ్యవసాయం కాదు అని లేచిపోయాడు. మర్నాడు వరి నారు చూపించా. నీటి పక్కన నాటితే రోజూ తడపక్కర్లేదు. "ఇదీ లెక్క" అని మళ్ళీ కూర్చున్నాడు. సార్వానా దాళ్వానా అంటే వసంతకాలం పంట అన్నా, దాళ్వా అని ఆయనే తేల్చేశాడు.

ఆయన చెప్పింది నిజమే, వ్యవసాయంలో ఏడిపించేవన్నీ తీసేసి చేసిన గేము అది. అందుకే బాగుంటుంది. మూడో ఏడు మొదట్లో చచ్చిపోయిన తాత వచ్చి, మన కష్టాన్ని బట్టి నాలుగు కొవ్వొత్తుల దాకా వెలిగిస్తాడు. నాకు మూడే వెలిగాయి. నాలుగోది ఏమైందని నాన్న అడిగాడు. పెళ్ళికి కూడా మార్కులుంటాయి, చేసుకోలేదుగా అన్నాను.

ఆయన వంటింటి వైపు తిరిగి, "విన్నావా? పోయినోడు లేచొచ్చి చెప్తున్నాడు" అన్నాడు.