ఆ బండి లోను మీది కాదు, కట్టకండి

ప్రశ్న: పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మధురవాడలో ఫ్లాట్ చూసుకుని 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి హోమ్ లోన్‌కి పెట్టాను. సిబిల్ 641 ఉందని బ్యాంకువాళ్లు ఆపేశారు. రిపోర్టు తీస్తే నేనెప్పుడూ తీసుకోని టూవీలర్ లోన్ ఒకటి కనిపించింది, 18,400 బాకీ. ఆ ఫైనాన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే "కట్టేయండి సార్, ఎన్‌వోసీ ఇచ్చేస్తాం" అంటున్నారు. అడ్వాన్స్ గడువు ఇంకా 40 రోజులే ఉంది. గొడవెందుకు, కట్టేయమంటారా?
– అప్పలరాజు, కూర్మన్నపాలెం

జవాబు: కట్టకండి రాజు గారూ. 18 వేలకి పోయేదేముంది అనిపిస్తుంది, తెలుసు. కానీ కట్టారంటే ఆ లోను మీదేనని మీరే ఒప్పుకున్నట్టు. బాకీ పోతుంది గానీ వాయిదాలు ఆలస్యమైన చరిత్ర పోదు. సిబిల్ రిపోర్టులో 36 నెలల వరకు నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమైందో కనిపిస్తూనే ఉంటుంది. ఎన్‌వోసీ అంటే ఇక బాకీ లేదనే కాగితం, అంతే. అది ఆ చరిత్రని చెరపలేదు. పైగా కాస్త తగ్గించి కట్టించుకుని 'సెటిల్డ్' అని రాశారంటే, హోమ్ లోన్ ఇచ్చేవాళ్లకి అది ఇంకా చేదు.

మీరు పంపిన రిపోర్టు మొదటి పేజీ చూశాను. గుర్తింపు వివరాల దగ్గర రెండు పాన్ నంబర్లున్నాయి, గమనించారా? రెండింట్లోనూ నాలుగో అక్షరం 'పి', ఐదోది 'కె'. అందులో వింత లేదు. నాలుగోది కంపెనీ కాదు, మనిషి అని చెప్పడానికి. ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. మిగతావన్నీ వేరు. కింద సబ్బవరం అడ్రసు ఒకటుంది, అక్కడ మీరెప్పుడూ లేరంటున్నారు. అంటే ఎవరో మిమ్మల్ని మోసం చేసి లోను తీసుకున్నట్టు లేదు. ఇంకో అప్పలరాజు ఫైలు వచ్చి మీ ఫైల్లో పడినట్టుంది. సింహాచలం అప్పన్న దయ వల్ల మన జిల్లాల్లో ఈ పేరుకి కొదవ లేదు. మీ పుట్టినరోజు చూస్తే జులై 1. ఆ తేదీ వేసింది మీ బడి మాస్టారే అయ్యుంటారు. ఆయన ఎంతమందికి అదే తేదీ వేశారో! పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ మూడూ కలిస్తే కంప్యూటర్‌కి ఇద్దరూ ఒకరే.

ఆ లోను మీద ఉన్నది మీ పాన్ నంబరే అని తేలితే మాత్రం కథ వేరు. అప్పుడు అది మోసం. ఆ రోజే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి.

ఇప్పుడు రెండు చోట్ల ఫిర్యాదు చేయాలి. చాలామంది సిబిల్ సైట్‌లో డిస్ప్యూట్ పెట్టి ఊరుకుంటారు. సిబిల్ తనంతట తాను ఏదీ మార్చదు. లోను ఇచ్చినవాళ్లని అడుగుతుంది, వాళ్లు "మా రికార్డు కరెక్టే" అంటే అక్కడితో సరి. నా దగ్గరికొచ్చిన ఒక టీచరమ్మకి అదే జరిగింది. మూడు పేజీల బాధంతా రాసి పంపితే, చదివారో లేదో, ఒక్క లైనులో తిప్పి పంపారు. రెండోసారి నాలుగు వాక్యాలు రాయించాను. మీరూ అలాగే ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి: "ఫలానా నంబరు లోను నాది కాదు. నా పాన్, ఆధార్, సంతకం జత చేశాను. మీ ఫైల్లోని పాన్, ఫోటో, సంతకం, బండి ఆర్సీలోని తండ్రి పేరుతో పోల్చి చూడండి. నాది కాదని రాతపూర్వకంగా ఇచ్చి, క్రెడిట్ సంస్థలన్నిటికీ సవరణ పంపండి." వాళ్ల ఫైలు కాపీ అడిగినా ఇవ్వకపోవచ్చు, అది ఇంకొకరి కాగితం కదా. పోల్చమని అడగడమే మేలు. తండ్రి పేరు కూడా కలిసే అవకాశం తక్కువ. మన వైపు అదీ కలిసినా నేను ఆశ్చర్యపోను, అందుకే ఫోటో, సంతకం కూడా అడగమన్నాను.

సిబిల్ డిస్ప్యూట్‌లో 'ఈ ఖాతా నాది కాదు' అన్నదే ఎంచుకోండి. బాకీ మొత్తం తప్పు అని పెడితే లోను మీదే, లెక్క మాత్రమే తేడా అన్నట్టవుతుంది.

గడువు 30 రోజులు. అందులో 21 రోజుల్లోగా ఫైనాన్స్ కంపెనీ తన సవరణ పంపాలి. 30 దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదులోనే మీ బ్యాంకు ఖాతా నంబరు రాయండి. అప్పటికీ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, వివరాలకి 14448.

మనం అన్నిటినీ సిబిల్ అనే అంటాం గానీ ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే క్రెడిట్ సంస్థలు కూడా ఉన్నాయి. ఏడాదికోసారి నాలుగింటి రిపోర్టూ ఉచితమే. మిగతా మూడూ ఈ వారమే తీసి చూడండి, అదే లోను అక్కడా ఉండొచ్చు.

ఈలోగా టెన్షన్‌తో ఇంకో నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి, ప్రతిదీ ఎంక్వైరీగా రికార్డవుతుంది. ఫ్లాట్ అమ్మేవారితో మాట్లాడి మరో నెల గడువు కాగితం మీద రాయించుకోండి, నోటి మాట వద్దు. ఫైనాన్స్ కంపెనీ లెటర్ చేతికి రాగానే, రిపోర్టు మారేదాకా ఆగకుండా బ్యాంకు మేనేజర్‌ని కలిసి, పాత దరఖాస్తునే మళ్లీ చూడమని అడగండి.