గోడ తాగిన నీళ్ళు

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పి మామూలే.

విజయనగరంలో ఇంటికి స్లాబు పడిందని, వచ్చే నెల కుళాయి పని మొదలెడతావని ఫోనులో చెప్పినప్పుడు నా చేతులు దురద పెట్టాయి. ముప్పై నాలుగేళ్ళు పైపులు బిగించిన చేతులు కదా. నీళ్ళు వృథా కాని ఇల్లు కడతానన్నావు. మన వంశంలో నుయ్యి తవ్వినోళ్ళున్నారు గాని నీళ్ళ లెక్క కట్టినోడివి నువ్వే. ఆ సంతోషంలో ఉండగానే ఇంకో మాటన్నావు. "అమ్మ చెంబులకు చెంబులు పారబోస్తోంది మావయ్యా, మీటరు పెడితే ఆవిడ లెక్క తేలిపోద్ది" అని నవ్వావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత రాస్తాను. ముందు పని సంగతి చూద్దాం.

కమోడు ట్యాంకు రెండు బొత్తాలదే కొను. పెద్ద బొత్తానికి 6 లీటర్లు, చిన్నదానికి 3. నేను పనిలో చేరిన కొత్తలో బిగించిన ట్యాంకులు ఒక్కసారి లాగితే 10 లీటర్లు పైనే పోసేవి. మన దేశపు బిల్డింగ్ కోడు పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క వేసి, అందులో 45 కమోడుకే పక్కన పెట్టింది. పల్లెలో ఇంటింటికీ కుళాయి అని 2019లో మొదలెట్టిన జల్ జీవన్ మిషన్ వాళ్ళు మనిషికి ఇస్తామన్నదే 55 లీటర్లు. అంటే పాత ట్యాంకు ఐదారుసార్లు లాగితే ఒక పల్లె మనిషి స్నానం, వంట, తాగుడు, అన్నీ గోతిలో కలిసిపోయినట్టే. ట్యాంకు పెట్టాక నెలకోసారి బట్టలకేసే నీలిమందు నాలుగు చుక్కలు అందులో వేసి, ఇరవై నిమిషాలు ఎవరినీ బొత్తం నొక్కనీయకు. కమోడులోకి నీలం దిగితే అడుగున రబ్బరు పోయినట్టు. చప్పుడు చెయ్యకుండా పోయే నీళ్ళు అవే.

వాష్ బేసినుకు, వంటింటి సింకుకు కుళాయి మూతికి జల్లెడ లాంటి ఎరేటరు పెట్టించు. నిమిషానికి 10, 12 లీటర్లు పోసే కుళాయి 5, 6కి దిగుతుంది, చేతికి మాత్రం తేడా తెలీదు. అలాగని బాత్రూములో బకెట్టు మీది కుళాయికి కూడా పెట్టేస్తారు ఇప్పటి కుర్రాళ్ళు. బకెట్టు నిండడానికి బకెట్టు నీళ్ళే కావాలి కదరా! మిగిలేదేమీ లేదు, నిలబడ్డ మనిషికి చలి తప్ప. షవర్ల జోలికి పోకు. బకెట్టు, చెంబు ఉన్న ఇంట్లో ఇరవై లీటర్లకు స్నానం అయిపోతుంది, షవరు కింద రెండు నిమిషాలకే అన్ని నీళ్ళూ పోతాయి. సెన్సారు కుళాయిలు కూడా వద్దు. హుద్‌హుద్‌ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేదని నీకు గుర్తుండే ఉంటుంది.

గీజరు బాత్రూము గోడకే ఉండాలి. ముప్పావంగుళం పైపు పది మీటర్లుంటే దాని కడుపులో మూడు లీటర్ల చన్నీళ్ళు నిలబడి ఉంటాయి. వేణ్ణీళ్ళు వచ్చేదాకా అవన్నీ కాలవలోకే. ఇంట్లో ఐదుగురు పొద్దున్న లేస్తే ఎంతో నువ్వే లెక్కేసుకో, ఇంజినీరువి.

స్నానాల నీళ్ళకు వేరే గొట్టం వెయ్యి, పెరట్లో అరటి చెట్లకు పెట్టుకో. ఇప్పుడైతే గొట్టం ఖర్చే, తర్వాతైతే గచ్చు పగలగొట్టాలి. సింకు నీళ్ళు దాంట్లో కలపకు, జిడ్డు పేరుకుంటుంది. స్నానాల నీళ్ళు రాత్రంతా నిలవ ఉంచకు, కంపు కొడతాయి. తాగే గొట్టానికి దగ్గరగా రానివ్వనే రానివ్వకు. రెంటికీ వేరే రంగు వేయించు. నువ్వు పోయాక వచ్చే మేస్త్రీకి కూడా తెలియాలి.

ఇక గోడ సంగతి.

1990లో నేను ఈ ఇల్లు కట్టాను. మాఘమాసంలో గృహప్రవేశం ముహూర్తం. అప్పుడన్నీ జిఐ పైపులు, అంటే జింకు పూత ఇనప పైపులు, మరలకు జనపనార చుట్టి సఫేదా పూసి బిగించేవాళ్ళం. ఊరందరి ఇళ్ళలో ఒకటే మాట చెప్పేవాణ్ణి: గోడలో పెట్టిన పైపుకు నీళ్ళు కట్టి ఒక రాత్రి ఆగితే గాని గాడి పూడ్చనివ్వను. తాపీ మేస్త్రీలు తిట్టుకునేవారు. నా ఇంట్లో మాత్రం ఆ ఒక్క రాత్రి నేను ఆగలేదు. ముహూర్తం ఇంకా నాలుగు రోజులే ఉంది. సున్నం వెయ్యాలి. "నా చేత్తో బిగించింది కారుతుందేటి" అన్నాను. సాయంత్రానికి వంటింటి గోడ పూడిపోయింది.

మరుసటి ఏడు వేసవిలో మీ అమ్మ పురిటికి వచ్చింది. అప్పుడు నువ్వు పుట్టావు. మునిసిపాలిటీ నీళ్ళు పూటకో గంట వచ్చేవి. మేడ మీద 500 లీటర్ల నల్ల ట్యాంకు. పొద్దున్న నింపితే మధ్యాహ్నానికి అడుగంటేది. నేను పని నుంచి వచ్చి కుళాయి తిప్పితే గాలి వచ్చేది. ఇంట్లో నీళ్ళెక్కువ వాడేది ఎవరు? మా అమ్మ. నీకు నలుగు పెట్టి స్నానం చేయించేది, నీ గుడ్డలు ఉతికేది, మడి అని రెండోసారి తను పోసుకునేది. నేను అరిచాను. ఒకసారి కాదు. చెంబులు లెక్కపెట్టాను. స్నానానికి ఎన్ని, దొడ్డికి ఎన్ని అని. మేస్త్రీని కదా, లెక్క నాకు బాగా వచ్చు.

ఆవిడ చిన్నప్పుడు ఎండాకాలం నాగావళి ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి, గుడ్డతో వడకట్టి మోసుకొచ్చిన మనిషి. ఆవిడకి నేను పొదుపు నేర్పాను!

ఎదురు చెప్పలేదు. తాగడం తగ్గించేసింది. తాగితే దొడ్డికెళ్ళాలి, వెళితే నీళ్ళు పొయ్యాలి, పోస్తే కొడుకు అరుస్తాడు. ఆషాఢం వచ్చేసరికి ఒంటేలు మంట, చలిజ్వరం. డాక్టరు "రోజుకెన్ని నీళ్ళు తాగుతావమ్మా" అని అడిగితే ఆవిడ నా మొహం చూసింది. అంతే. నోరు విప్పలేదు.

నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టింది నేను కాదు, నా దగ్గర కలాసీగా చేరిన పదిహేనేళ్ళ గుంటడు. "మేస్త్రీగారూ, రేత్రి అన్ని కుళాయిలూ కట్టేసి ట్యాంకులో పుల్ల పెట్టి సూద్దామండీ" అన్నాడు. పెట్టాం. తెల్లారి చూస్తే నాలుగు వేళ్ళు దిగింది. నాలుగు వేళ్ళంటే ఆ ట్యాంకులో నలభై లీటర్లకు పైమాటే. మనుషులంతా పడుకున్న వేళ! గోడకు చెవి పెట్టి విన్నాను, ఏమీ వినబడలేదు. పొయ్యి వెనక సున్నం పొక్కిన చోట ఉలి పెట్టి కొడితే తడి ఇటుక బెల్లంలా రాలింది. నేను బిగించిన ఎల్బోయే, పైపు మలుపు ముక్క. మరల మీద జనపనార సగం దూరం కూడా లేదు. నీళ్ళు బయటికి రాకుండా గోడ లోపల్నుంచే పునాదిలోకి దిగిపోయేవి. ఏడాదిన్నర.

మంచం మీద నుంచి లేచి వచ్చి ఆ కన్నం చూసి మా అమ్మ అన్నది ఒకటే మాట: "పోనీరా బావూ, గోడే కదేటి తాగినాది." తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిడ తర్వాత పన్నెండేళ్ళు బతికింది గాని, నేను ఇంట్లో ఉంటే కుళాయి సన్నంగా తిప్పే అలవాటు మాత్రం పోలేదు. నేనే వెళ్ళి పెద్దగా తిప్పేవాణ్ణి. ఆవిడ మళ్ళీ సన్నం చేసేది.

ఇప్పుడు చెప్పు, నీ మీటరు ఎవరి మీద పెడతావు? మీటరు పెట్టు, వద్దనను. రాత్రి పదకొండుకు ఒకసారి, తెల్లారి నాలుగుకు ఒకసారి చూడు. ఎవరూ వాడని ఆ వేళ ముల్లు కదిలితే పైపును పట్టుకో. పగలు మీ అమ్మ తులసికోట దగ్గర ఎన్ని చెంబులు పోసిందో దాంట్లో చూడకు. మీ అమ్మకు షుగరుందని మర్చిపోయావేటి? ఆవిడ నీళ్ళు తాగాలి, తిరగాలి, పొయ్యాలి. ఉద్దానంలో కిడ్నీలు పాడైన ఇళ్ళలో ఎన్నో చోట్ల పని చేశాను నేను. కారణమేదని పెద్ద పెద్ద డాక్టర్లే ఇంకా తేల్చలేదు గాని, ఆ మంచాల పక్కన నిలబడి పైపు కోసినోడికి నీళ్ళు తగ్గించమనే మాట నోట రాదు.

కోపంగా రాశానేమో. నీ మీద కాదు.

ఇంకొన్ని గబగబా రాసేస్తాను. ఆర్వో మెషిను లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ గొట్టం డ్రమ్ములో పెట్టి గచ్చు కడుక్కో, మొక్కలకు మాత్రం వద్దు, ఉప్పు. వాన నీళ్ళకు గొట్టం దింపు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి నీ వంద చదరపు మీటర్ల స్లాబు మీద లక్ష లీటర్లు పడతాయి. తొలి రెండు వానలూ బయటికి వదిలెయ్. పెరట్లో పాత నుయ్యి పూడ్పించాలని మీ ఆవిడ అంటోందట. పిల్లల భయమైతే ఇనప జాలీ వేయించు. పూడ్పించకు.

నీ కుళాయి మేస్త్రీకి నా నంబరివ్వు. సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు అతికించాక ఒక రోజు ఆరనివ్వమను. పైపు మూతులకు డమ్మీలు బిగించి నీళ్ళు కట్టి, పంపుతో ఒత్తిడి ఎక్కించి, ఒత్తిడి చూపే గేజీ ముల్లు ఎక్కడుందో గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి పడుకోవాలి. ముహూర్తం అడ్డం వస్తే పంతులుగారితో నేను మాట్లాడతాను.

తాపీ వాళ్ళు గాడి పూడ్చే ముందు రోజు చెప్పు, పొద్దున్న పాసింజరుకి వచ్చేస్తాను. గేజీ నా దగ్గర ఉంది, నువ్వు కొనకు. ఆ రాత్రి అక్కడే పడుకుంటాను, ఒక చాప, దిండు ఉంటే చాలు.

మీ మావయ్య