సారంగధరుడి కథను భారీ బడ్జెట్‌తో తీస్తే చరిత్ర తప్పులు ఎక్కడ వస్తాయి?

అసలు మెలిక కథలోనే ఉంది. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉన్నా, 11వ శతాబ్దపు వేంగి రాజు రాజరాజనరేంద్రుడి కాలం శాసనాల్లో, కథలో ఆయన కొడుకైన సారంగధరుడూ, ఆ కుర్రాడి సవతి తల్లి చిత్రాంగీ కనిపించరు. చరిత్రకు తెలిసిన రాణి అమ్మంగదేవి, రాజేంద్రచోళుడి కూతురు. ఆమె కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. అందుకని ‘ఇది జనం చెప్పుకునే కథ’ అని మొదట్లోనే కార్డు వేయడం న్యాయం. ‘నిజ చరిత్ర’ అని పోస్టర్ మీద వేస్తేనే చిక్కు.

ఇక కంటికి కనిపించేవి. డ్రోన్ షాట్‌లో ఇప్పటి కోనసీమను చూపిస్తే తప్పు అక్కడే దొరికిపోతుంది. ఈ కాలువలూ లాకులూ ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చాయి. దాని పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. 11వ శతాబ్దానికైతే నదీపాయలు, చెరువులు, వానమీద పండే చేలు చూపించాలి. వంటింట్లో ఎండుమిరపకాయల దండ వేలాడదీయకూడదు. మిరప, పొగాకు, టమాటా పోర్చుగీసులు వచ్చాకే మనకు చేరాయి. ఆనాటి కారం మిరియాలదే.

ఎక్కువమంది పట్టించుకోనిది లిపి. కోట గోడమీదా తాటాకుమీదా ఇప్పటి అచ్చు అక్షరాలు పెట్టేస్తారు. ఆనాటిది తెలుగు, కన్నడాలకు ఉమ్మడి లిపి. 1053 నాటి నందంపూడి శాసనం ప్రతిబింబం తెచ్చి, ఆ అక్షరాలనే కళాదర్శకుడితో దించి రాయించాలి. ఆ శాసన పాఠం రచించింది సాక్షాత్తూ నన్నయే. అంతకన్నా మంచి నమూనా ఇంకేం కావాలి!